చేతులు విచ్చుకునే వేళ

నన్ను చూసినవాళ్లెవరికీ నాకు జబ్బుందని అనిపించదు. ఒళ్లు నిండుగా ఉంటుంది, నోరు అంతకంటే నిండుగా ఉంటుంది. కానీ పెళ్లికి ముందు నుంచే కీళ్లవాతం నాతో తిరుగుతోంది. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోతాయి. జడ వేసుకోవడానికి రాదు, కొంగుకు పిన్ను పెట్టుకోవడానికి రాదు. ఎండెక్కాక మెల్లగా వదులవుతాయి. ఆ తర్వాత సాయంత్రం దాకా నేనూ అందరిలాంటి మనిషినే.

ఇప్పుడు గండిపేట వైపు అద్దాల తలుపులున్న ఒక బట్టల షోరూంలో పనిచేస్తున్నాను. డాక్టర్ సర్టిఫికెట్ చూపిస్తే స్టూలిచ్చారు, పొద్దుటి డ్యూటీ తీసేశారు. మంచిదే, ఎందుకు కాదనాలి? అయినా మనసు మాత్రం చేవెళ్లలో నేను మొదట పనిచేసిన బట్టల దుకాణం దగ్గరే తచ్చాడుతుంటుంది. ఆ కొత్త బట్టల గంజి వాసన, మార్కెట్‌కు పోయే టమాటా బండ్ల చప్పుడు, పక్క హోటల్ చాయ్... అబ్బ, ఆ చాయ్ గ్లాసును తాగడానికంటే చేతులు కాచుకోవడానికే ఎక్కువ పట్టుకునేదాన్ని.

మా ఊరు ఎంకపల్లి నుంచి ఆటోలో మొయినాబాద్ వచ్చి, అక్కడ చేవెళ్ల బస్సెక్కేదాన్ని. నిలబడితే పై కడ్డీ పట్టుకోవాలి, నాకేమో పట్టు దొరకదు. అందుకే ముందే పరుగెత్తి సీట్లో కూర్చునేదాన్ని. ఒకరోజు ఒక పెద్దామె నా మీదికి వంగి, "గట్టిగనే ఉన్నవ్ గద పిల్లా, జర లేస్తె ఏం బోతది?" అంది.

"నా లోపలి సంగతి నీకేం ఎరుక అవ్వా!" అన్నాను విసురుగా.

"ఈ కాలపు పిల్లలకు నోరు తప్ప ఏమున్నది?" అందామె బస్సంతా వినేటట్టు. రోషానికి లేచి నిలబడ్డాను. మలుపులో కండక్టర్ జబ్బ పట్టుకోకపోతే పడేదాన్నే. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు దుకాణం దాకా ఏడుస్తూనే వెళ్లాను.

ఆ దుకాణం పాతకాలపుది. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించాలి. సేటు మంచివాడే, కానీ బోణీ దగ్గర మహా పట్టింపు. తొలి బేరం కుదిరేదాకా ఎవరూ తుమ్మకూడదు, కత్తెర కింద పడకూడదు. బోణీ ఎవరి చేత్తో అయితే, ఆ రోజు వ్యాపారం మంచీచెడ్డా వాళ్ల చేతి గుణమే.

ఒక పొద్దున చిన్న మంగళారం నుంచి ఒక కుటుంబం పెళ్లి బట్టలకు వచ్చింది. అదే తొలి బేరం. చీరల కట్ట అందుకున్నాను గానీ వేళ్లు మూసుకోలేదు. కట్ట జారి నీళ్ల చెంబు మీద పడింది. తడిసిన పట్టుచీరలు చూసి పెళ్లికొడుకు తల్లి లేచింది.

"శకునం మంచిగ లేదు, పోదాం పాండ్రి."

సేటు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రేపటి సంది బోణి అయినంక రా బిడ్డా. నీ చెయ్యి మంచిగ లేదు" అన్నాడు మెల్లగా.

నిజం చెప్పొద్దూ, అది నాకు కలిసొచ్చింది. నేను ఎండెక్కాక వెళ్లేసరికి వేళ్లు చక్కగా ఆడేవి. నాతో పనిచేసే అక్క, "అందరం పొద్దుగాల ఉరుకుతుంటె నువ్వు పెండ్లికూతురు లెక్క నిమ్మలంగ వస్తున్నవ్" అని ఆటపట్టించేది. నేనూ నవ్వేదాన్ని. జబ్బు సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే పనికిరాదని పంపేస్తారని భయం. దానికంటే చెడ్డ చెయ్యి అనిపించుకోవడమే నయమనుకున్నాను.

కానీ ఆ మాట దుకాణం గడప దాటింది. పెళ్లివాళ్లు వస్తే, "గామెతోని వద్దు, ఇంకొకలను చూపియ్యుమను" అనేవాళ్లు. నా ఎదుట పరుపు ఖాళీగా ఉండేది. పండుగ గిరాకీ తగ్గాక పనివాళ్లలో ఒకరిని తీసేస్తారని వినబడింది. ఆ ఒకరు ఎవరో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే.

సేటు భార్యను మేమంతా సేటమ్మ అనేవాళ్లం. మధ్యాహ్నాలు వచ్చి దుకాణంలో కూర్చునేది. ఒకరోజు ఆమె ముందు చేతులు చాపాను. "అమ్మా, నా చెయ్యి చెడ్డది గాదు. దానికి రోగమున్నది. పొద్దుగాల వేళ్లు ముడుసుకపోతయ్, గంతే." ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను.

ఆమె నా వేళ్లను ఒక్కొక్కటే వంచి చూసింది. "గిన్ని దినాలు ఎందుకు చెప్పలే, పాగల్ దానా?" అంది. అంతే, లేచి ఇంటికి వెళ్లిపోయింది. మరునాడు కూడా ఏమీ అనలేదు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

కొద్ది రోజులకు వాళ్ల బిడ్డ పెళ్లికి తొలి పెళ్లిచీర తీసే ముహూర్తం పెట్టుకున్నారు. పొద్దున్నే, దుకాణంలోనే. తలస్నానం చేసి రమ్మని సేటమ్మ నాకు కబురు పంపింది. వెళ్లేసరికి పరుపు చుట్టూ చుట్టాలు, నడుమ పెళ్లికూతురు.

"తొలి చీర ఈ పిల్ల తీసిస్తది" అంది సేటమ్మ.

సేటు ముఖం మాడిపోయింది. "గీమెనా? మంచి పని కాడ గిదేంది?"

"ఆమె చెయ్యికి రోగమున్నది, దోషం లేదు. చెడ్డ చెయ్యని పేరు వెట్టింది మనమే, తీసేసేది గూడ మనమే గావాలె."

నా పిడికిళ్లు సగమే విచ్చుకుని ఉన్నాయి. "ఇప్పుడు రాదమ్మా, ఇంకెవరితోనన్న తీపియ్యుండ్రి" అన్నాను. సేటమ్మ వేడినీళ్ల గిన్నె తెప్పించి నా చేతులు అందులో పెట్టించింది. "జరసేపు ఆగుదాం" అంది. అందరూ గోడ గడియారం వైపు చూశారు. ముహూర్తం దాటుతోందని ఎవరో గొణిగారు.

"దాటితె దాటనియ్యి. ఇంకొకటి వస్తది."

నా కోసం ఒక ముహూర్తాన్ని ఆపిన మనిషిని అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆమే తువ్వాలుతో నా చేతులు తుడిచింది. వేళ్లు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. రెండు ముంజేతుల మీద చీర పెట్టుకుని పెళ్లికూతురి దాకా నడిచాను. వంగి అందించబోతుంటే జారింది. సేటు కళ్లు మూసుకున్నాడు.

పెళ్లికూతురు తన ఒళ్లో పడ్డ చీరను గుండెకు అదుముకుని తండ్రి వైపు చూసింది. "నాకు గిదే గావాలె బాపూ" అంది. పెళ్లి రోజు ఆ చీర కట్టుకునే పీటల మీద కూర్చుంది.