పగిలిన పైపుతో చాంద్రాయణగుట్టకు

పొద్దున తొమ్మిదిన్నరకు శాలిబండలో బస్సెక్కాను. చంకలో మూరెడు పగిలిన పైపు, కడుపులో మంట. నెలలో ఇది మూడోసారి. బోరు నుంచి మా బర్రెల కొట్టానికి వేసిన కొత్త పైపు పగిలి, నీళ్లు ఎంత ఎత్తు చిమ్మాయంటే చార్మినార్ మీది పావురాలు ఈత నేర్చుకున్నాయి. కింద మాత్రం పదకొండు బర్రెలు ఎండిన తొట్టి నాకుతూ నిలబడ్డాయి. ఈ ఎండల్లో సాయంత్రానికి నీళ్లు అందకపోతే పాలు కాదు, బర్రెలే దక్కవు.

టికెట్ పదిహేను రూపాయలు. కూర్చునే చోటు లేదు. పైపు ముక్క పక్కామె భుజానికి తగిలింది.

"ఓ అన్నా, గది పట్టుకొని ఎవల్ని కొట్టనీకి పోతున్నవ్?"

"చేసినోణ్ణి."

"అయితే నా పేరు మీద గూడ ఒకటెయ్యి. మా ఇంట్ల గిట్లనే పగిలింది."

పదింపావుకు చాంద్రాయణగుట్టలో దిగి, చాయ్ కూడా తాగకుండా ఫ్లైఓవర్ వెనక సందులోని పైపుల కార్ఖానాలో దూరాను. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోంచి గొట్టంగా వస్తోంది. నీళ్లతొట్టిలో చల్లబడ్డాక ఒక యంత్రం దాన్ని లాగి చుట్ట చుడుతోంది. ప్రతి చుట్టకూ మందం సరిగ్గా ఉందని సీలు పడుతోంది. యజమాని ఖలీల్ భాయ్ నా ముక్కవైపు చూడనైనా లేదు.

"మా దగ్గర అంతా ఆటోమేటిక్, భాయ్. తొట్టి దాటంగనే సెన్సర్ మందం చూస్తది. సన్నగైతే లాగే మిషిన్ తనంతట తనే స్లో అయితది, మందం మళ్ల పెరుగుతది. దేఖో, రెండున్నర మిల్లీమీటర్!"

తెర మీద రెండున్నరే. పావుగంట కళ్లార్పకుండా చూశాను. రెండున్నరే! ముప్ఫై ఏళ్లుగా కోతలు కోస్తున్న మనిషిని నేను. నిజం చెప్పేవాడు ఎక్కడో ఒకచోట తడబడతాడు. చుక్క తేడా లేకుండా అదే మాట చెప్పేది మాలాంటి కోతలరాయుళ్లే. తొట్టి వెనక్కి వెళ్లాను. సెన్సర్‌ను పైపు మీంచి పక్కకు తిప్పి, దాని ముందు మంచి పైపు ముక్కొకటి సుతిలి తాడుతో కట్టేసి ఉంది. అది పొద్దస్తమానం ఆ ముక్కనే కొలుస్తోంది!

నా అరుపుకు మిషిన్ నడిపే యాదగిరి ఉరికొచ్చాడు.

"ఏం జెయ్యాలె అన్నా? సన్నగైనప్పుడల్లా స్లో అయితుండె. మాల్ తక్కువొచ్చిందని సేఠ్ తిడుతుండె. గిట్ల కట్టినంక లొల్లి లేదు."

"తిట్టినోడు గాయిన, కట్టినోడివి నువ్వు, దూపకు సచ్చేటివి నా బర్లా?"

సుతిలి నేనే కోసేశాను. సెన్సర్‌ను పైపు మీదికి తిప్పగానే అంకె ఒకటిన్నరకు పడింది, హారన్ మోగింది. ఖలీల్ భాయ్ ముఖం తెల్లబోయింది. అంకె రెండున్నరకు అటూ ఇటూ ఊగుతూ నిలిచాక వచ్చిన చుట్టనే తీసుకున్నాను. అప్పటికి ఒంటిగంట.

"మరి పాత మాల్ సంగతేంది?"

"ఒక్కటి గూడ బయటికి పోదు. ఫికర్ చెయ్యకు" అన్నాడు ఖలీల్ భాయ్.

షేర్ ఆటోలో, ఒళ్లో చుట్టతో తిరుగుముఖం పట్టాను. ఆ కార్ఖానాకు వెళ్లేవారికి ఒకటే మాట: సీలు చూసి మురిసిపోకండి, తెర ముందు నిలబడి అంకె కదులుతుందో లేదో చూడండి.

సిగ్నల్ దగ్గర ఒక ట్రాలీ మా పక్కనే ఆగింది. నిండా ఖలీల్ భాయ్ చుట్టలు, అన్నింటికీ సీలు.

"అవి సన్నగున్నయి! వాపస్ తీస్కపో!" అని అరిచాను.

"సీలున్నది కద, భాయ్. నాకేమెర్క?" ట్రాలీ డ్రైవర్ నవ్వి కుడికి తిప్పాడు.

మా ఆటో అతను వెనక్కి చూశాడు. "దానెంట పోనియ్యాల్నా?"

"శాలిబండకే పోనియ్యి, బర్లు దూపకున్నయి" అన్నాను, పళ్లు కొరుక్కుంటూ.