బిందె సొట్ట, అమ్మ చెవి

మా అమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గిపోతుందని ఆవిడ నమ్మకం. అమలాపురంలో స్టూడియో గుమ్మం దాకా ఒకసారి తీసుకెళ్లాను. చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగింది. పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఆవిడకు ఒంట్లో తరచూ నలతగా ఉండేది. ఈ మొహం మళ్లీ ఎక్కడ చూసుకుంటానన్న దిగులు నాకు పట్టుకుంది.

అప్పట్లో నేను హైస్కూలు డ్రాయింగు మేష్టారింట్లో అంట్లు తోమేదాన్ని. నలభై దాటాయి, అక్షరం ముక్క రాదు. ఆదివారాలు ఆయన అరుగు మీద పిల్లలకు బొమ్మలు నేర్పేవారు. ఒకరోజు ధైర్యం చేసి, బొమ్మ గీసినా ఆయుష్షు తగ్గుతుందా అని అడిగాను. ఆయన నవ్వలేదు. సంగతంతా విని, అమ్మని రోజూ చూసేది మీరు కనక మీరే గీయండి అని పెన్సిలు చేతికిచ్చారు.

ముందు నేను తోమే ఇత్తడి బిందెనే గీయమన్నారు. ముగ్గులు వేసిన చెయ్యి కదా, ఎడమ వైపు ఎంత వంపో కుడి వైపూ అంతే వంపు వచ్చింది. లోపల మురిసిపోయాను. మేష్టారు బొమ్మనీ బిందెనీ మార్చి మార్చి చూశారు.

"సొట్టేదమ్మా?"

"ఆయ్, బాగోదని వదిలేసేనండి."

"రోజూ తోమే చెయ్యి మీది. ఆ సొట్ట మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందండీ?"

నిజమే. చింతపండుతో అక్కడ వేలు పెట్టి తోమితే గాని మెరుపు రాదు. ముగ్గులో రేకు వంకరపోతే చెరిపేస్తాం. ఇక్కడ వంకరే కావాలన్నమాట. మళ్లీ గీశాను. ఈసారి అది మేష్టారింటి బిందెలా ఉంది.

ఆ తరవాత రుబ్బురోలు, అరటి గెల, పడుకున్న దూడ, అన్నీ పాత పరీక్ష కాగితాల వెనకే. చివరికి అమ్మ. ఊరికే కూర్చోమంటే కూర్చోదు కనక, పెరట్లో కొబ్బరాకు తడికలు అల్లుతుంటే గీసేదాన్ని. అలా చూడకే, దిష్టి తగుల్తాది అనేది. రెండు నెలలు పట్టింది. పూర్తయ్యాక చూపిస్తే, కాగితం కళ్ల దగ్గర పెట్టుకుంది.

"నా చెవి ఎప్పుడు అతికించేవే?"

ఆవిడ ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉండేది. చంటిపిల్లప్పుడు దుద్దు పట్టుకుని లాగింది నేనే. ఊహ తెలిశాక ఆ వైపు చూడటమే మానేశాను. బిందెకు సొట్ట పెట్టినదాన్ని, ఇది మాత్రం కలిపేశాను.

బాగోదని, అని నసిగాను.

"నీ పనే కదే అది. పాలు తాగుతూ లాగేసేవు. బొమ్మలోనూ ఉండనీ."

ఫొటోకి గుమ్మం ఎక్కని మనిషి, తడిక పక్కన పెట్టి, చెవి మీది కొంగు తీసి, చెవి నా వైపు తిప్పి కదలకుండా కూర్చుంది. నేను ఆ చీలికను మొదటిసారి దగ్గరగా చూశాను. అంచులు నున్నగా ఉన్నాయి. ఎప్పుడో మానిపోయింది.

ఆ మరుసటి ఏడు అమ్మ పోయింది. ఇన్ని వంకరలు గీసినదానికి అక్షరాలెంతమ్మా అని మేష్టారే నాకు ఓనమాలు దిద్దించారు. రాయడం వచ్చాక బొమ్మ కింద 'మా అమ్మ' అని రాశాను. ఒత్తు కాస్త పక్కకి జరిగింది. చెరపలేదు.