మగ్గానికి కుడిపక్క మనిషి

రెండు అంచులూ వేరే రంగులో ఉండే పట్టుచీర నేయడం ఒక్కడి వల్ల కాదు. పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడె నడిమి భాగానికి ఒకటి, అంచులకు రెండు, మొత్తం మూడు నాడెలు ఆడాలి. మగ్గం గుంటలో కూర్చున్న నేను రెండింటిని చూసుకుంటాను. మూడోదాన్ని కుడిపక్క నుంచి విసరడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి నీళ్ళు తాగడానికి లేచినా నేను చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. ధర్మవరంలో మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఆ కుడిపక్క మనిషి భార్యో, బిడ్డో అయి ఉంటారు.

మా ఇంట్లో మొదట నా భార్యే కూర్చునేది. ఒక వానాకాలం నీళ్ళబిందెతో మెట్ల మీద జారి పడింది. అప్పటినుంచి ఆమె కుడి భుజం పైకి లేవదు. ఆ చోటులోకి మా అమ్మాయి వచ్చింది. బడికి పోయే ముందు రెండు గంటలు, వచ్చాక చీకటి పడేదాకా. చిన్నపిల్లను అట్లా కూర్చోబెట్టడం తప్పని నాకు తెలుసు. తెలిసి చేసే తప్పులు మా వీధిలో చాలా ఉన్నాయి.

ఎనిమిదో తరగతిలో వాళ్ళ ఆటల మేడమ్ దాన్ని ఖోఖోలో వేసింది. అప్పుడు నేను ఎగిరిపడ్డాను. "ఆ ఆట కూడు పెడతాదా?" అని అరిచాను. రెండో రోజే మేడమ్ మా ఇంటికి వచ్చి, కుర్చీ వద్దని గడప మీదే కూర్చుంది. "అన్నా, మీ పాప పరిగెత్తేటప్పుడు ఒకసారి వచ్చి చూడు. తరువాత నువ్వే పంపిస్తావు" అంది. నేను పోలేదు. నా భార్య పోయి చూసి వచ్చింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ నాకొక్క మాటే చెప్పింది.

"దాన్ని ఆపితే నేను ఊరుకోను."

ప్రభుత్వ బడి కాబట్టి ఆటకు ఫీజు లేదు. ఖర్చేముంది అంటారు అందరూ. బూట్లు మూడు నెలలకే నోళ్ళు తెరుస్తాయి. ట్రాక్‌సూట్ మనమే కుట్టించుకోవాలి. గుడ్లూ పాలూ పెట్టమని మేడమ్ చెబుతుంది, ఆమెకేం, నోటిమాటే కదా అని నేను లోపల సణుక్కునేవాణ్ణి. అయినా ఆమె ఎన్నోసార్లు తన చేతినుంచి బస్ చార్జీలు పెట్టింది, అది కూడా చెప్పాలి. బూట్లంటే ఎట్లో కొన్నాను. చేతులు ఎక్కడినుంచి కొనేది? సాయంత్రం పూట అది గ్రౌండులో ఉంటే ఇక్కడ మగ్గం ఆగిపోతుంది. కూలికి మనిషిని పెట్టుకోమని సలహా ఇచ్చినవాళ్ళకు కొదవ లేదు. వచ్చిన కూలిలో ఆ మనిషికి ఇచ్చేస్తే మాకు గంజి మిగులుతుంది. పైగా ఇప్పుడు ఈ పనికి వచ్చేదెవరు, పిల్లలందరూ బెంగుళూరు దారి పట్టారు.

పెనుకొండలో ఆటల పోటీలు మూడు రోజులు జరిగాయి. ఆ మూడు రోజులూ నా భార్య కుడిపక్కన కూర్చుని ఎడమ చేత్తో నాడె విసిరింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. విసిరిన ప్రతిసారీ పళ్ళు బిగపట్టేది, నేను చూడనట్టు ఉండేవాణ్ణి. మా అమ్మాయి జట్టు గెలిచింది. మెడలో పతకం వేసుకుని ఇంటికి వచ్చింది. వాళ్ళమ్మ దాన్ని ఎడమ చేత్తోనే దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది.

ఆ వారంలోనే చీర దించి, మాకు పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అంచు పొడవునా వేలు జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆపాడు. అంచు, నడిమి భాగం కలిసేచోట పోగులు వదులై కంది గింజలంత సందులు కనపడుతున్నాయి.

"ఏమప్పా, ఈ అంచు ఎవురు ఏసిండేది?"

 ఆయనేమీ చెడ్డవాడు కాదు, గొంతు కూడా పెంచలేదు. "సూడు, వచ్చే చీర పెండ్లిది. ముహూర్తానికి నాలుగు దినాలు ముందే నా చేతిలో ఉండల్ల. కాదంటే ఇప్పుడే చెప్పు. పక్క వీధిలో మరమగ్గానికి ఇచ్చేస్తా. అది ఆటలకు పోదు" అన్నాడు. అంటే మా బిడ్డ సంగతి ఆయనకు తెలుసు. ఒకసారి పడుగు వేరే ఇంటికి పోతే మళ్ళీ మా గడప తొక్కదని నాకూ తెలుసు. ఉంటుంది సామీ అని ఒప్పుకుని వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి మేడమ్ ఫోను. ఆదివారం హిందూపురంలో జిల్లా జట్టుకు ఎంపికలు. ఎంపికైతే అటునుంచి అటే పదిహేను రోజుల శిబిరం, ఆ తర్వాత రాష్ట్ర పోటీలు. ఆ పదిహేను రోజులూ సరిగ్గా పెండ్లి చీర మగ్గం మీద ఉండే రోజులే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా భార్య ఏమీ లెక్క వేయలేదు. "నేను కూర్చుంటా" అంది. భుజానికి నూనె రాసుకుంటూ అంది ఆ మాట.

మగ్గం ఆడుతున్నప్పుడు పక్కనున్నవాళ్ళకు వినపడాలంటే అరవాలి. ఇరవై ఏళ్ళు అరిచి అరిచి మా గొంతులు అట్లాగే తయారయ్యాయి. నేతగాళ్ళ ఇళ్ళలో గుసగుసలుండవు. ఆ ఆదివారం పొద్దున్నే మగ్గం మీద కూర్చున్నాం, నా భార్య కుడిపక్కన. బయట పంపు దగ్గర మా అమ్మాయి బూట్లు బ్రష్షుతో రుద్దుతోంది. మగ్గం చప్పుడులో ఎవరికి వినపడుతుందిలే అనుకుని నేను నా భార్యతో మనసులో మాట అనేశాను.

"ఈ పొద్దు అది సెలెక్టు కాకుంటే బాగుండు. దేవుడు సల్లగా సూస్తే ఓడిపోయి ఇంటికొస్తాది."

మాట మధ్యలో పోగు తెగింది. చెయ్యి దానంతటదే ఆగింది, మగ్గం చప్పుడూ ఆగింది, గొంతు ఆగలేదు. 'ఓడిపోయి ఇంటికొస్తాది' అన్న ముక్క నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో గోడలకు తగిలి మోగింది.

"నీ నోట్లో మన్ను పడ" అంది నా భార్య.

బయట బ్రష్షు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. తరువాత అమ్మాయి లోపలికి వచ్చి "పోయొస్తా నాయనా" అంది. నేను తెగిన పోగు ముడి వేస్తూ తల ఎత్తకుండానే ఊఁ అన్నాను.

అది పోయాక ఒక్క జానెడు కూడా నేయలేకపోయాను. "ఈడ కూర్చుని నువ్వేం ఏడుస్తాండావు, పో" అని నా భార్య చొక్కా తెచ్చి ఒడిలో పడేసింది. తర్వాతి రైలుబండి ఎక్కాను. బండి పెనుకొండలో ఆగినప్పుడు, ఇక్కడ గెలిచి వచ్చిన రోజు దాని మొహం ఎట్లా ఉందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఆ రోజు నేను దాని మొహం చూడనే లేదు.

హిందూపురంలో దారి అడుగుతూ గ్రౌండు చేరేసరికి ఆట నడుస్తోంది. నన్ను చూస్తే తడబడుతుందేమోనని గోడవారగా నిలబడ్డాను. పక్కనే తలగుడ్డ చుట్టుకున్న ఒకాయన పలకరించాడు.

"యాడనుంచప్పా?"

"ధర్మవరం."

"మాది అగళి. నా కూతురూ ఆడతాంది. శెనక్కాయ పీకేది ఉండాది, ఇడిసిపెట్టి వచ్చినా. మా ఇంట్లో తిడతాండారు. దుడ్లు రేపైనా సంపాదిచ్చుకోవచ్చు, ఇది మల్లా వస్తాదా?"

ఆ మనిషి మంచి మాటే చెప్పాడు. నాకు మాత్రం అతని మీద ఒళ్ళు మండింది.

అప్పుడు మా అమ్మాయి బరిలోకి దిగింది. వరసలో కూర్చున్న ఆడపిల్లల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ, వెంటపడే పిల్లకు దొరక్కుండా, సున్నం గీత దాటకుండా పరిగెత్తాలి, రెండు కాళ్ళూ గీత దాటితే అవుటే. దాని ఆట చూడడం నాకదే మొదటిసారి. గంటల తరబడి మగ్గం పక్కన కూర్చున్న ఆ నడుము అంతగా వంగుతుందని నాకు తెలియదు. ఒకతె తర్వాత ఒకతె, ముగ్గురు నలుగురు వెంటపడ్డారు. చెయ్యి తగలబోయేసరికి అక్కడ ఇది ఉండేది కాదు. "ఎవరి బిడ్డప్పా ఇది!" అన్నాడు అగళి ఆయన. నాదే అనడానికి నోరు తెరిచాను.

అప్పుడే అది గీత వైపు పోయింది. వెనక ఎవరూ దగ్గర్లో లేరు. పరుగు ఆపింది. ఒక కాలు గీత అవతల పెట్టింది, తరువాత రెండో కాలు తెచ్చి దాని పక్కన పెట్టింది. నిండుబిందె దించినంత నిదానంగా పెట్టింది. విజిల్ పడింది.

"అయ్యో, కాలు జారిందే" అన్నాడు అగళి ఆయన.

కాలు జారలేదు. ఇక్కడొకటి దాచకుండా చెప్పాలి. ఆ క్షణంలో నాకు మొదట కలిగింది బాధ కాదు. చీర నిలబడింది అనుకున్నాను. గుండె మీద నుంచి బరువు దిగింది. బాధ ఆ తర్వాత వచ్చింది. 

ఎట్లా చూసిందో మేడమ్ నన్ను చూసి పరిగెత్తుకుంటూ వచ్చింది. "మంచి టైముకు వచ్చినావన్నా. సెలెక్టర్లను బతిమాలినాను. ఆఖరి బ్యాచ్‌లో ఇంకోసారి దిగనిస్తామన్నారు. ఇదేమో కాలు నొప్పి, దిగనంటాంది. నువ్వు ఒక్క మాట చెప్పు, నీ మాట వింటాది."

అమ్మాయి నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఎప్పుడొచ్చినావు నాయనా?"

"నీ ఎనక బండికే."

"సూసినావా?"

"సూసినా. కాలు నొస్తాందా?"

అది తల అడ్డంగా ఊపింది. "పోదాం పా నాయనా. ఇప్పుడు పోతే పొద్దుగూకేలోపల ఒక మూర నేయొచ్చు" అంది. వంగి బూటు దుమ్ము దులుపుకుంటూ, "అమ్మకు చెప్పద్దు. నా కోసరం ఆ చేత్తో శానా కష్టపడింది" అంది.

ఆఖరి బ్యాచ్‌కు విజిల్ వేశారు. మేడమ్ నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపే చూస్తోంది. 'పో, ఆడు' అంటే చాలు. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆ మాట నా గొంతుదాకా వచ్చింది. జీవితంలో ఎప్పుడూ గొంతు తగ్గించి మాట్లాడడం రానివాణ్ణి, నాకే వినపడనంత చిన్నగా అన్నాను.

"సరే, పా."

మేడమ్‌తో కాలు నొప్పంట అని చెప్పాను. ఆమె నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసింది. నమ్మలేదు. వెనక్కి తిరిగి పోయింది. బండిలో అమ్మాయి నా భుజం మీద తల పెట్టి ధర్మవరందాకా నిద్రపోయింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చాను. 

ఇంటికి పోయేసరికి నా భార్య వాకిట్లో నిలబడి ఉంది.

"ఏమాయె?"

"అవుటై పోయినా మా" అంది అమ్మాయి.

నా భార్య నా మొహంలోకి చూసింది. పొద్దున నేనన్న మాట ఆమె మరిచిపోలేదు.

"బాగా ఆడింది. అవతలోళ్ళు శానా గట్టోళ్ళు, ఏం చేస్తాం" అన్నాను నేను.

"పోనీలే. వచ్చే ఏడు ల్యాదా? అప్పటికి నా చెయ్యి కూడా బాగవుతాది" అని ఆమె బిడ్డను దగ్గరికి తీసుకుంది. వాళ్ళమ్మ భుజం మీద నుంచి అమ్మాయి నా వైపు చూసింది. ఆ కళ్ళలో కోపం ఉంటే తట్టుకుందామని తయారుగా ఉన్నాను. కోపం లేదు. తన గుట్టు కాపాడినందుకు నా బిడ్డ నాకు దండం పెడుతున్నట్టు చూసింది. దానికన్నా నన్ను చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.