వాషర్ కింది రంగు

ఇది ఇంతకాలం ఎందుకు రాయలేదంటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. యాభై దాటాక నేర్చుకున్నాను. ఇవాళ ఉప్పుగూడలో మా ఇంటి పక్కన ఎవరో బండి సామాను కిరసనాయిలుతో కడుగుతున్నారు. ఆ వాసన కిటికీలోంచి రాగానే యాదగిరి ఉస్తాద్ గుర్తొచ్చాడు. ప్రేమతో అని చెప్పలేను.

లాల్‌దర్వాజాలో ఆయన షెడ్డు. పాత స్పోర్ట్స్ కార్ల ఇంజన్లు విప్పి, కంపెనీ నుంచి వచ్చిన నాడు ఎలా ఉన్నాయో మళ్లీ అలా చేసేవాడు. నా భర్త పోయాక సామాను కడిగే పనికి అక్కడ చేరాను. మొదటి రోజే నా చేతిలోని తీగల బ్రష్ లాక్కున్నాడు. "గీకితే ఏం మిగుల్తది బిడ్డా? పైన కనవడేదంతా ఎన్క ఎవడో పూసిందే. బోల్టు ఇప్పి వాషర్ కింద సూడు. ఆడికి ఎండ రాదు, చెయ్యి రాదు. కంపెనీవోడు ఏసిన రంగు ఆడనే దాక్కుంటది." ఏ మూత మెరవాలో, ఏది మెరవకూడదో, బోల్టు మీది పసుపు ఛాయ పూతో తుప్పో, అన్నీ నేర్పాడు. అంత ఓపికగా నాకెవరూ ఏదీ నేర్పలేదు.

తర్వాత ఆయన చూపు తగ్గింది. గిరాకీలకు తెలియనివ్వలేదు. ఏదో ఒక ముక్క నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి "ఏమున్నది?" అనేవాడు. నేను చెప్పిందే గిరాకీకి తన మాటగా చెప్పేవాడు. ఉస్తాద్‌కు కళ్లు నేనేనని లోపల మురిసిపోయేదాన్ని.

ఒకనాడు ఎర్ర కారు సేటు వచ్చాడు. ఆ కారు ఇంజన్ పైమూత అద్దంలా మెరుస్తోంది. అది అసలు పూతేనా అని అడిగాడు. వాషర్ కింద గోరంత మేర నల్లటి ముడతల రంగు మిగిలిందని నేను అప్పటికే ఉస్తాద్ చెవిన వేశాను. మెరుపు తర్వాత ఎవరో పూసిందని, కంపెనీది ఆ నల్ల రంగేనని ఉస్తాద్ తన మాటగా చెప్పాడు.

"వాహ్ ఉస్తాద్, ఏం నజర్ నీది!" అని సేటు నావైపు చూశాడు. "గీమెకు గూడ నేర్పినవా?"

"గీమెనా? సామాన్లు కడుగుతది. గంతే."

సేటు వెళ్లాక అడిగాను. "ఉస్తాద్, మా బస్తీల ఆడోళ్లకు సదువు జెప్తున్నరు. పొద్దున ఒక గంట లేటొస్త."

"గిప్పుడు సదివి కలెక్టరయితవా? సదువొచ్చినోడు పుస్తకం సూస్తడు, ఇనుమును సూడడు. నీ కండ్లు ఖరాబైతయ్."

అంతకుముందూ ఇదే మాట అన్నాడు, నమ్మాను. ఆ రోజు నమ్మలేదు. ఆయన ఫికర్ నా కళ్ల గురించి కాదు, అవి తన చెయ్యి దాటిపోతాయని. ఆయన ఇప్పుడు లేడు. అయినా ఎవరు నా మేలుకోరి మాట్లాడినా, ముందు ఆ మాట బోల్టు విప్పి కింద చూస్తాను. అదీ ఆయన నేర్పిన విద్యే.

మరుసటి ఉదయం గిరాకీ బయట నిలబడి ఉన్నాడు. ఉస్తాద్ ఒక బ్రాకెట్ నా చేతిలో పెట్టి "ఏమున్నది బిడ్డా?" అన్నాడు. రంగు నాకు స్పష్టంగా కనిపించింది. బ్రాకెట్‌ను తిరిగి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు ముడిచాను.

"నాకేం ఎరుక ఉస్తాద్? సామాన్లు కడిగేదాన్ని."

చేతులు కడుక్కుని, చదువు చెప్పే గదికి నడిచాను.