నా మీద ఫిర్యాదు నేనే రాశాను

ఈ రోజు మధ్యాహ్నం తుమ్మపాల నుంచి ఒకావిడ మా మహిళా సహాయ కేంద్రానికి వచ్చింది. రాయడం రానివాళ్ల ఫిర్యాదును బల్ల దగ్గర ఉన్నవాళ్లే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకోవాలి. ఇవాళ బల్ల దగ్గర నేనున్నాను.

"మీ ఆఫీసోల్లు ఎవులో మా పక్కింటోల ఫోనుకి సేసి, మహిళా కేంద్రం నుంచని సెప్పీసేరమ్మా. అది మా ఆయన సెవిన పడిపోనాది. ఇంటికెల్తే సంపేత్తాడని మా అప్పా బావల దగ్గర దాక్కున్నాను. ఆ ఫోను సేసిందెవులో కనుక్కుని రాయండి."

కనుక్కోవలసిన పనేమీ లేదు. భర్త మీద ఆవిడ ఇంతకుముందు ఇచ్చిన ఫిర్యాదు గురించి సోమవారం ఆ పక్కింటి నంబరుకి ఫోను చేసి, వాళ్లు ఎక్కడి నుంచని అడిగితే అలవాటుగా చెప్పేసింది నేనే. పేరు దగ్గర కలం ఆగింది. 'ఒక ఉద్యోగిని' అని రాసినా అడిగేవాళ్లు లేరు. చివరికి నా పేరే రాసి, చదివి వినిపించాను.

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. "మీరేనా? మరి దీన్ని ఎవులికిత్తారు?"

"మా పెద్ద మేడమ్‌కి."

"ఆవిడ సేతికి నానే ఇత్తాను, ఇలా తెండి," అంటూ వేలిముద్ర వేసి కాగితం లాక్కుంది.

నన్ను నమ్మకపోవడం ఆవిడ హక్కే. కానీ ఒప్పుకున్నందుకు కాస్త మెత్తబడుతుందేమోనని లోపల ఆశపడ్డాను చూడండి, దానికి మీరేమంటారు?