ఫోను బండి పెట్టెలో, కనకప్ప బావిలో

కప్పగల్లు చుట్టుపక్కల ఎవరి మోటారు మొరాయించినా ముందు కనకప్పకే కబురు వస్తుంది. ఆయన బడికి పోయింది నాలుగో తరగతి దాకా. మోటారు పని ఎవరూ నేర్పలేదు. బళ్లారి పాతసామాన్ల అంగళ్లలో కాలిపోయిన మోటార్లు కొని, ఇంటి ముందర విప్పి, మళ్లీ బిగించి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాడు. పని చేసేటప్పుడు ఎవరైనా పక్కన చేరి మాట్లాడితే ఆయనకు చిరాకు. మోటారు చెప్పేది వినపడదంటాడు.

ఆ చెప్పేది వినడానికే ఆయన దగ్గర ఒక పాటల పెట్టె ఉంది. చూసినవాళ్లంతా ఫోననే అనుకుంటారు. ఆయన ఫోనూ అదీ ఒకే కంపెనీవి. అదే అద్దం, వేలు పెడితే అదే కదలిక. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. అన్నకు సిమ్ము ఉంది, తమ్ముడికి లేదు. తమ్ముడు పలచన, తేలిక. పాడతాడు, విన్నది దాచిపెడతాడు, టైము చెబుతాడు. బయటివాళ్లతో మాట్లాడడం మాత్రం చేతకాదు. అన్న తన నెట్టు పంచితే తప్ప వాడికి లోకం లేదు.

సండూరు గనుల్లో పనిచేసి వెళ్లిపోతూ ఒక ఇంజనీరు, బ్యాటరీ ఉబ్బిపోయిన ఆ పెట్టెను కనకప్ప చేతిలో పెట్టాడు. కనకప్ప బ్యాటరీ మార్చి దాన్ని పనిలోకి దించాడు. బేరింగు బాగున్నప్పటి చప్పుడు, అరిగినప్పటి చప్పుడు అందులో ఎక్కించుకుని, మళ్లీ మళ్లీ తిప్పి వింటాడు.

బావిలోకి దిగేటప్పుడు ఫోనును గుడ్డలో చుట్టి బండి పెట్టెలో పెడతాడు. పాటల పెట్టెను చొక్కా జేబులో వేసుకుంటాడు. నీళ్లలో పడితే ఇదే పడనీ అని. భార్య నింగమ్మ ఎన్నోసార్లు దెప్పింది. "ఫోను కొనింది నీకా, బండికా?"

ఆ రోజు హొన్నూరుస్వామి బావిలోనూ అట్లాగే దిగాడు. హొన్నూరుస్వామి పురుగుమందు కోసం బళ్లారి పోయాడు. పొలంలో మిరప కలుపు తీసే ఆడవాళ్లు తప్ప ఎవరూ లేరు. ఇరుకైన రాతి బావి. ఇరవై అడుగుల కింద సిమెంటు దిమ్మె, దాని మీద మోటారు. దిమ్మెకు మూడడుగుల కింద నీళ్లు. పక్కనున్న బోరు నీళ్లు ఈ బావిలోకే పడతాయి. బోరుకు ఆటో స్టార్టరు ఉంది. ఆ వారం కరెంటు ఒంటిగంటకు వస్తోంది. రాగానే బోరు తనంతట తానే మొదలవుతుంది.

మోటారు ఫ్యూజులు తీశాడు కానీ బోరు ఆటో ఆపలేదు. గంట పని, ఒంటిగంటకు పైనే ఉంటాను కదా అనుకున్నాడు.

నీళ్లు పైకి తోసే పైపును మోటారు దగ్గర విప్పాడు. లోపల రబ్బరు ప్యాకింగు నలిగిపోయింది. కొత్తది తేవడానికి పైకెక్కుతుంటే, గోడలోంచి ముందుకొచ్చిన మెట్టురాయి ఆయన కాలి కింద ఊడింది. రాయి నీళ్లలో పడింది. ఆయన దిమ్మె మీద పడ్డాడు.

ఎడమ చీలమండ కాసేపటికే వాచి లావైంది. ఊపిరి పీలిస్తే పక్కటెముకల్లో పోటు. అరవబోతే గొంతులోంచి మూలుగే వచ్చింది. జేబులోంచి పెట్టె తీశాడు. అద్దం పగల్లేదు. పదకొండూ నలభై. బ్యాటరీ ముప్పై ఒక శాతం.

పన్నెండింటికి పైన ఫోను మోగింది. నింగమ్మే, అన్నానికి వస్తాడో రాడో అడగడానికి. ఇరవై అడుగుల పైన అన్న మోగుతున్నాడు, చేతిలో తమ్ముడు మూగగా ఉన్నాడు. పొద్దున అన్న నెట్టు తమ్ముడికి పంచి ఉంటే ఇక్కడినుంచే ఒక మెసేజి పోయేది. బ్యాటరీ అయిపోతుందని తనే ఆపేశాడు. ఫోను మోగి మోగి ఊరుకుంది.

అప్పుడు విప్పిన పైపు నోట్లోంచి నవ్వు వినపడింది.

పైపు అవతలి కొస మిరప తోటలో తొట్టి మీద తేలుతుంది. ఆడవాళ్లు అక్కడ నీళ్లు తాగడానికి వచ్చినట్టున్నారు. కనకప్ప కుంటుతూ పైపుకు నోరు ఆనించి పిలిచాడు. ఊపిరి చాలలేదు. నవ్వులు దూరమైపోయాయి. మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు. వచ్చేదాకా పైపు దగ్గర ఒక గొంతు ఆగకుండా మాట్లాడుతూ ఉండాలి. ఆయన గొంతుకు ఆ శక్తి లేదు.

పెట్టెకు ఉంది.

ముందు పెద్దగా చెప్పి ఎక్కించాడు. ఎవరు, ఎందుకు దిగాడు, మెట్టు ఎట్లా ఊడింది, కాలు ఎట్లా ఉంది. విన్నాడు. ఇదంతా పైపులో ఒకదాని మీద ఒకటి పడి రొదయిపోతుంది. చెరిపేశాడు. రెండోసారి సగం కోశాడు. మూడోసారి మాటకూ మాటకూ మధ్య ఎడం ఇచ్చి, మెల్లగా చెప్పాడు.

"కనకప్పను... బావిలో ఉండా... బోరు ఆపు..."

బేరింగు చప్పుళ్లలాగే మళ్లీ మళ్లీ తిరిగేట్టు పెట్టి, దాని గొంతు పూర్తిగా పెంచి, పెట్టెను పైపు నోటికి పాత ట్యూబు ముక్కతో కట్టాడు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తన గొంతు తననే పిలుస్తున్నట్టుంది. ఇక చేయడానికి ఏ పనీ లేదు. చేతిలో పని లేకుండా ఇంతసేపు ఆయన ఎప్పుడూ కూర్చోలేదు.

ఒంటిగంటకు బోరు గొట్టం దగ్గి, నీళ్లు కక్కింది. తుంపర మొహాన కొట్టింది. దిమ్మె అంచు కింద నీళ్లు వేలెడు వేలెడు ఎక్కుతున్నాయి.

అవి దిమ్మెను ముట్టే వేళకు పైపులోంచి ఒక ఆడగొంతు వచ్చింది.

"యా కనకప్ప? మోటారు కనకప్పేనా?"

"కనకప్పను," అంది పెట్టె.

"యాడుండావప్పా?"

"బావిలో ఉండా."

"బావిలో ఏం జేస్తాండావు?"

"బోరు ఆపు."

"ఎందుకు ఆపల్ల? అయ్యో, కాలవ పారల్ల కదా!"

"కనకప్పను."

"అది జెప్తివి కదప్పా! చెప్పిందే చెప్తాండావు, నేనడిగేది ఇనపడదా? సుమ్నే ఊరికే ఎగతాళి చేస్తాండావా?"

జవాబు చెప్పడానికి కనకప్ప పైపు దగ్గరికి దేకేలోపే ఆమె గొంతు ఆగిపోయింది. తర్వాత పైపులోంచి ఏమీ రాలేదు. వస్తోందో, విసుక్కుని కలుపులోకే పోయిందో తెలియదు. నీళ్లు చీలమండ దాటాయి. మోటారు కాళ్లు మునిగాయి. ఆయన మోటారును పట్టుకుని ఒంటికాలి మీద లేచాడు.

నీళ్లు మోకాళ్ల కిందిదాకా ఎక్కినప్పుడు పైన ఆకాశంలో ఒక తల కనపడింది. సుంకలమ్మ. కలుపు తీసేవాళ్లలో పెద్దది, నోరున్నది.

"ఓయప్పో! నిజంగానే ఉండావే! అట్ల పైపులో మొత్తుకునే బదులు ఒక ఫోను జేస్తే పోలేదా?"

కనకప్ప పైనున్న బోరు స్టార్టరు వైపు చేయి చాపాడు. "ఆటో మీట... దించు."

"షాకు కొట్టదా?"

"ఎండు కట్టెతో..."

తల మాయమైంది. కనకప్ప లెక్కపెట్టడం మొదలుపెట్టి, మరిచిపోయి, మళ్లీ మొదలుపెట్టాడు. పైన ఏదో టక్కుమంది. బోరు గొట్టం సన్నబడింది. చుక్కలు పడింది. ఆగింది.

నీళ్లు మోకాళ్ల దగ్గరే నిలిచాయి. ఆ నిశ్శబ్దంలో పెట్టె ఒక్కటే, పైపు నోట్లో, "బోరు ఆపు" అంటోంది.

"ఆపినా కదప్పా, వాని నోరు ముయ్యి ముందు!" అంది సుంకలమ్మ.

అంతలో బండి పెట్టెలో ఫోను మోగింది. సుంకలమ్మ దాన్ని తెచ్చి, మోటారుకు నీళ్లు పోసే బకెట్టులో పెట్టి, తాడుతో దించబోయింది. కనకప్ప ఒక్కసారి చేతులెత్తాడు.

"వద్దమ్మా... నీళ్లలో పడతాది!"

"మనిషే పడినాడు, ఫోను పడితే ఏంది!" అని ఆమె దించేసింది.

కనకప్ప ఫోను ఎత్తాడు. నింగమ్మ.

"యాడుండావు? అన్నం సల్లగైతాండాది."

"బావిలో ఉండా," అన్నాడు కనకప్ప. వెనక నుంచి పెట్టె కూడా అదే మాట అంది.

"ఇద్దరు మాట్లాడతాండారేంది ఆడ?"

"ఒకడు పైపులో ఉండాడు. నువ్వు లావు తాడు తీసుకోని, నలుగురు మొగోళ్లను బేగ పంపు."