వంటింటి కిటికీ, ఒక కంపైలరు

మా తోడికోడలు పోయిన సంగతి నాకు వంటింటి కిటికీలోంచే తెలిసింది. ఏనాడూ ఆ కిటికీ దగ్గరికి రాని మా బావగారు ఆ పొద్దున్న వచ్చి నిలబడి, "అమ్మాయ్, మీ అక్కయ్య లేవట్లేదమ్మా, ఒకసారి వస్తావా" అన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తరవాత డాక్టరు చెప్పారు. నాకు తెలిసి, ఆవిడ ముందుగా చెప్పకుండా చేసిన పని అదొక్కటే.

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. కలిదిండి నుంచి పుట్టింటివాళ్ళు వచ్చారు. తాడేపల్లిగూడెం కాలేజీలో ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలు గేటు పట్టుకుని ఏడుస్తుంటే నాకు ఏడుపుతో పాటు ఇంకోటి కూడా వచ్చింది. నేనూ అదే కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పాను. నాకోసం ఇలా ఎవరేడుస్తారు? పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని, "అదృష్టవంతురాలండీ, పసుపుకుంకుమలతో వెళ్ళిపోయారు" అంది. అందులోనూ ఆవిడే ముందన్నమాట. దీన్ని అసూయ అంటారని నాకు తెలుసు. వేరే పేరు పెట్టి మిమ్మల్ని మభ్యపెట్టను.

ఏలూరులో మాది ఒకే ఇల్లు, రెండు వాటాలు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు రెండు వంటిళ్ళ మధ్య గోడ కట్టబోతే, అందులో కిటికీ పెట్టించింది అక్కయ్యే. వాళ్ళ పుట్టింటివాళ్ళకి చేపల చెరువులు. ఆవిడ కొరమీను పులుసు పెడితే ఒక గిన్నె కిటికీలోంచి నాకొచ్చేది. ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, దొండకాయ వేపుడో సేమ్యా పాయసమో పెట్టి ఇచ్చేదాన్ని. "బావుందమ్మాయ్, కాస్త యాలక్కాయ దంచి వేస్తే ఇంకా బావుండును" అనేది. ఏం పెట్టిచ్చినా ఆ "ఇంకా" తప్పేది కాదు.

ఆవిడ గిన్నెలన్నిటికీ అంచున పేరు కొట్టించి ఉండేది. "ఎన్ని ఇళ్ళు తిరిగినా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి కదమ్మా" అనేది. నా గిన్నెలకి పేర్లు లేవు. అందుకే సగం పోయాయి.

కాలేజీ మానేశాక ఉద్యోగం కూడా ఇద్దరిదీ ఒకటే. కొత్త ప్రోగ్రామింగ్ భాష తయారుచేస్తున్న ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచి పనిచేసేవాళ్ళం. నన్నందులో చేర్పించిందీ ఆవిడే, అదొకటి. మా పని కంపైలరు, అంటే మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చేది. అందులో పార్సరు నాది. రాసినదాన్ని చదివి, ఏ మాట దేనికి చెందుతుందో చెట్టులా కొమ్మలు కట్టి అమర్చిపెడుతుంది. మాక్రోలు అక్కయ్యవి. పదేపదే రాయాల్సినదానికి ప్రోగ్రాము రాసేవాళ్ళు ఒక పొట్టి పేరు పెట్టుకుంటారు. ఆ పేరు కనబడ్డచోటల్లా దాన్ని పూర్తిగా విప్పి రాయడం ఆవిడ భాగం చేసే పని.

మొదట్లో రెండూ కలగాపులగంగా ఉండేవి. నా పార్సరు మధ్యలో ఆగి ఆవిడ మాక్రోల్ని పిలిచేది, అవి మళ్ళీ నా పార్సర్ని పిలిచేవి. నేనిక్కడ ఒక లైను మారిస్తే అక్కడ ఆవిడది పాడయ్యేది. సర్దక తప్పదన్నారు కంపెనీవాళ్ళు.

"మాక్రోలు కూడా పార్సర్లోనే ఓ మూల పెట్టేద్దామండీ అక్కయ్యగారూ, అన్నీ నేను చూసుకుంటాను" అన్నాను. ఏ భాగం ఎవరు చూసుకుంటే దాని మీద వాళ్ళ పేరుంటుంది. మొత్తం నా పేరు మీదికి రావాలని నా కోరిక.

ఆవిడ కిటికీ అవతల ఉల్లిపాయలు తరుగుతూ, "నీ వంటింట్లోకి నేను రాను, నా వంటింట్లోకి నువ్వు రాకు. మధ్యన కిటికీ ఉంటే చాలు కదమ్మా" అంది.

అలాగే చేసింది. చెట్టు ఆకారం ఎలా ఉండాలో మాత్రమే చెప్పే ఒక చిన్న విడిభాగం, మాడ్యూలంటారు, మధ్యలో పెట్టింది. మాక్రోల్ని విప్పకుండానే నేను చెట్టు కట్టి అందిస్తే, ఆవిడ తీసుకుని విప్పి ముందుకు పంపుతుంది. అవతలివాళ్ళ లోపలి సంగతులు ఎవరికీ అక్కర్లేదు. మీటింగులో అందరూ ఆవిణ్ణి మెచ్చుకున్నారు. అది నాకు తట్టనందుకు కొన్నాళ్ళు ఆవిడ పులుసు నోటికి సహించలేదు. "ఏంటమ్మాయ్, గిన్నె అలాగే ఉంచేశావు?" అంటే పంటినొప్పన్నాను. వెంటనే కిటికీలోంచి లవంగాలు వచ్చాయి. ఆవిడంటే నాకు ఇష్టమే. ఇష్టం లేని మనిషి మీద ఇంత కష్టపడి ఎవరు కుళ్ళుకుంటారు?

పెద్దకర్మ అయ్యాక మేనేజరు ఫోన్ చేశారు. "ఇంక మీరొక్కరే కదండీ. రెండూ కలిపేసి మీ పేరు మీద పెట్టేసుకోండి. శుక్రవారానికి చెప్పండి చాలు" అన్నారు.

ఇన్నాళ్ళూ కావాలనుకున్నది అడక్కుండానే వచ్చింది. నిజం చెప్పొద్దూ, సంతోషంగానే కూర్చుని ఆవిడ భాగాన్ని తెచ్చి నాదాంట్లో కలిపాను. చక్కగా నడిచింది. ఎందుకైనా మంచిదని ఒక మాక్రో వాడినచోట కావాలని తప్పు పెట్టి చూశాను. తప్పుంటే, ప్రోగ్రాము రాసినవాళ్ళు ఏ లైనులో తప్పు చేశారో కంపైలరు చూపించాలి. నేను కలిపింది మాత్రం మాక్రో విప్పాక పుట్టిన లైనేదో చూపించింది. రాసినవాళ్ళు దాన్ని కళ్ళతో కూడా చూసి ఉండరు.

వెతికితే తెలిసింది. ప్రతి కొమ్మకీ అది మొదట ఏ ఫైల్లో, ఏ లైనులో పుట్టిందో అక్కయ్య గుర్తు రాసి ఉంచింది. ఎన్ని మాక్రోలు విప్పినా ఆ గుర్తు వెంటే వెళ్ళేది. అనవసరపు బరువనుకుని కలిపేటప్పుడు నేనే తీసిపారేశాను. గిన్నె మీద పేరు చెరిపేశానన్నమాట. బల్ల మీద ఒక్కటి చరిచాను. మనిషి పోయాక కూడా ఆవిడ చేత "ఇంకా" అనిపించుకోవాలా?

శుక్రవారం నేనే ఫోన్ చేశాను. "దేనికది ఉండనివ్వండి. మాక్రోల మీద ఆవిడ పేరు తియ్యకండి" అన్నాను.

"మరి ఎవరు చూసుకుంటారండీ?"

"నేనే చూస్తానండీ. పేరు మాత్రం ఆవిడదే."

ఫోను పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళాను. పోయే ముందురోజు అక్కయ్య పులుసు పోసిచ్చిన గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. సేమ్యా పాయసం కాచాను. యాలక్కాయలు దంచి మరీ వేశాను. నా చేతి మీద ఎప్పుడూ అంత బాగా కుదరలేదు. ఈసారి ఆవిడ ఒప్పుకుని తీరాల్సిందే. గిన్నెలో పోసి, పేరున్న వైపు అటు తిప్పి కిటికీలో పెట్టాను. అవతల పొయ్యి వెలగలేదు. పాయసం చల్లారి మీగడ కట్టేదాకా అక్కడే నిలబడ్డాను, అటునుంచి ఒక్క "ఇంకా" వినబడుతుందేమోనని.